చిన్నమ్మ ఎంచిన మిషను

చిన్నమ్మ పోయిందన్న సంగతి నాకు మా ఊరు సిరొంచ నుంచి వచ్చే బస్సు కండక్టరు చెప్పాడు. చంద్రపూర్‌లో నేను పాఠాలు చెప్పే బడి గేటు ముందు బస్సు ఆపించి, నన్ను పిలిపించి, మెట్టు మీద నిలబడే చెప్పాడు. పచ్చకామెర్లు ముదిరాయట. అహేరి ఆసుపత్రి దాకా తీసుకుపోయారట. నాకు ఏడుపు రాలేదు. అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కి, జిమల్‌గట్ట దాటేదాకా ఒక్క సంగతే తలుచుకున్నాను. చెప్పవలసిన మాట ఆమె ఉండగా నేను చెప్పలేదు.

ఇంటికి వచ్చినవాళ్ళందరూ చిన్నమ్మ శాంతమూర్తి అన్నారు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. చదివేవాళ్ళు కూడా అలా అనుకోకూడదని ఇది రాస్తున్నాను. మా అమ్మ చెల్లెలు దేన్నీ మరిచిపోయే మనిషి కాదు. నేనూ కాదు.

చంద్రపూర్ జిల్లా చీలి గడ్చిరోలి వేరుపడిన కొత్తలో చిన్నాయన చనిపోయాడు. ఇల్లు గడవడానికి చిన్నమ్మ బజారులోని ఫొటో స్టూడియోలో ఆల్బమ్‌లు అతికించే పనికి కుదిరింది. కొన్నాళ్ళకు స్టూడియో సేటు నాగపూర్ నుంచి వీడియో కెమెరా తెచ్చాడు. పెళ్ళిళ్ళకు వీడియో తీయడం అతని పని. తెచ్చిన క్యాసెట్లను కోసి, కలిపి, చూడదగినట్టు చేయడం చిన్నమ్మ పని అయింది. నాలుగో తరగతి దాకా చదివిన మనిషి, ఎవరూ నేర్పకుండా నేర్చుకుంది.

అప్పట్లో కోయడమంటే నిజంగా కోయడం కాదు. రెండు వి.సి.ఆర్.లు పక్కపక్కన పెట్టి, ఎడమ దాంట్లో అసలు క్యాసెట్టు నడిపిస్తూ, కావలసిన ముక్కల్ని కుడి దాంట్లో ఖాళీ క్యాసెట్టు మీదికి ఎక్కించడం. మా వైపు పెళ్ళికి ఒక క్యాసెట్టు సరిపోదు. ఆడపిల్ల వాళ్ళకు ఒకటి, ప్రాణహిత అవతలి మగపెళ్ళి వాళ్ళకు ఒకటి. ఎవరి క్యాసెట్టులో వాళ్ళ పెద్దలు ముందు రావాలి. వియ్యపురాలు ముందు కనిపించి మేనత్త తర్వాత కనిపిస్తే మాటలు ఆగిపోయిన ఇళ్ళున్నాయి. అందుకని చిన్నమ్మ రూళ్ళ నోటుబుక్కులు పెట్టుకుంది. ఏ పెళ్ళి, ఏ క్యాసెట్టు, మిషను మీది ఏ అంకె దగ్గర ఎవరి మేనమామ కనిపిస్తాడు, అన్నీ తెలుగు అక్షరాల్లో, మరాఠీ అంకెల్లో రాసేది.

కెమెరా నుంచి క్యాసెట్టు రాగానే దాని వెనకంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును పిన్నీసుతో విరిచేసేది. అది విరిగితే ఆ క్యాసెట్టు మీద మళ్ళీ ఏదీ ఎక్కదు. తర్వాత దాని మీద 'అసలు' అని రాసి అల్మారాలో పెట్టేది. ఆ పలుకు విరవనిదే చాయ్ కూడా తాగేది కాదు.

నేను చంద్రపూర్‌లో సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. సెలవులకు చిన్నమ్మ ఇంటికి వచ్చినప్పుడు మిషన్లతో వచ్చే ఇంగ్లీషు పుస్తకాలు చదివి ఆమెకు చెప్పడం నా పని. మనుషులతో మాట్లాడడం నాకు ఎప్పుడూ కష్టమే. చిన్నమ్మ దగ్గర చదివితే చాలు, మాట్లాడనక్కరలేదు.

ఒక ఎండాకాలం సేటుకు మంచిర్యాల స్టూడియోల మీద దృష్టి పడింది. వాళ్ళు నాలుగు రోజుల్లో క్యాసెట్టు చేతికిస్తున్నారు. మనకు తొమ్మిది రోజులు పడుతున్నది. పని జల్దీ కావాలంటే ఏ మిషను కొనాలో నువ్వే చెప్పమని చిన్నమ్మను అడిగాడు. తనే అడిగాడు. ఈ మాట నేను గట్టిగా రాస్తున్నాను.

చిన్నమ్మ వెంటనే చెప్పలేదు. చిన్నాయన చేతిగడియారం ముందు పెట్టుకుని రెండు వారాలు తన పనిని తనే రాసుకుంది. క్యాసెట్టు తిప్పి చోటు వెతకడానికి ఎంతసేపు, ముక్క ఎక్కించడానికి ఎంతసేపు, అతుకు చెడిపోయి మళ్ళీ చేయడానికి ఎంతసేపు. చివరికి నాతో ఇలా అంది.

"ఎక్కిచ్చుడు గంటల పనే బిడ్డా. మిగిలిన పొద్దంతా ఎతుకుడుకే పోతున్నది. ఎతుకుడు తగ్గిచ్చే మిషన్ గావాలె."

ముగ్గురం చంద్రపూర్ వెళ్ళాం. దుకాణంలో సేటు కళ్ళు ఒక డబ్బా మీద నిలిచిపోయాయి. దాని మీట జరిపితే బొమ్మ హృదయం ఆకారంలో విచ్చుకుంటుంది, తామర రేకుల్లా మూసుకుంటుంది. చిన్నమ్మ అటు చూడలేదు. సంచిలోంచి మా ఊరి క్యాసెట్టు తీసి, ఒక్కొక్క వి.సి.ఆర్.లో పెట్టించి, మీట నొక్కి, కళ్ళు మూసుకుని లెక్కపెట్టింది. మీట నొక్కినాక బొమ్మ ఎన్ని లెక్కలకు వస్తుంది, ఆపమంటే ఎంత జారి ఆగుతుంది. నాలుగోదాని ముందు కళ్ళు తెరిచింది. దానికి గుండ్రటి చక్రం ఉంది. వేలితో తిప్పితే బొమ్మ ముందుకూ వెనక్కూ ఒక్కొక్కటిగా కదులుతుంది, వదిలిన చోటే ఆగుతుంది. నేను పుస్తకం చదివి, ఇందులో అతుకు దగ్గర రంగుల చారలు రావని చెప్పాను.

దుకాణదారు మరాఠీలో నవ్వాడు. బాయికి పూల డబ్బా నచ్చలేదా అన్నాడు. చిన్నమ్మ తెలుగులోనే సేటుతో అంది. "ఎద్దును కొనేటోడు కొమ్ముల రంగు జూడడు సేటూ, నడక జూస్తడు."

సేటు తల ఊపాడు. వచ్చే వారం తనే వచ్చి తీసుకుపోతానన్నాడు. వచ్చే వారం పూల డబ్బా తెచ్చాడు. లగ్గాలు చేసేటోళ్ళకు నీ చక్రం కనబడదు, పువ్వు కనబడుతది అని చిన్నమ్మకు చెప్పాడు.

దాంతో పని ఇంకా నెమ్మదించింది. అవే పాత వి.సి.ఆర్.లు, అదే వెతుకులాట. పైగా అతికిన క్యాసెట్టును పూల కోసం ఇంకోసారి డబ్బాలోంచి నడిపించాలి. నకలుకు నకలు తీస్తే మొహాలు బూడిద పూసినట్టు అయ్యేవి. తొమ్మిది రోజులు పన్నెండయ్యాయి. అడిగినవాళ్ళకు సేటు చెప్పే జవాబు ఒకటే: ఆమె చేయి నిదానం.

అప్పుడే చిన్నమ్మ పక్కింటి పిల్ల పెళ్ళయింది. వానలు పడి ప్రాణహితలో పడవలు ఆగేలోపు క్యాసెట్టు కావాలని మగపెళ్ళి వాళ్ళు మనిషిని పంపారు. ఆ రోజు చిన్నమ్మకు జ్వరం. సేటు, ఎంత జల్దీ అయితదో నేను చూపిస్తా అని తనే మిషన్ల ముందు కూర్చుని, పుస్తకం చదవమని నన్ను పిలిపించాడు.

డబ్బాకు తీగలు కలపడంలో ఏ మిషను ఏదో అతనికి తెలియలేదు. అసలు క్యాసెట్టును రికార్డయ్యే కుడి దాంట్లో పెట్టాడు. రికార్డు మీట నొక్కాడు. అది పట్టక క్యాసెట్టును బయటికి తోసింది. ఎందుకట్ల చేస్తుందో చూడమన్నాడు. నేను చదివాను. పలుకు విరిగిన క్యాసెట్టు మీద రికార్డు కాదని, ఆ సందుకు ప్లాస్టర్ అంటిస్తే అవుతుందని ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను ప్లాస్టర్ అంటిస్తుంటే చిన్నమ్మ రాత కనిపించింది.

"సేటూ, దాని మీద అసలు అని రాసి ఉంది."

"నిన్ను సదువుమన్న పిల్లా, చెప్పుమనలే."

నేను ఊరుకున్నాను. అప్పగింతల మీద పూలు విచ్చుకున్నాయి. ఆ పిల్ల చేయి పట్టుకుని పెళ్ళికొడుకు చేతిలో పెట్టిన ముసలి తాత, ఆయన వణికే తల, ఆయన ఏడుపు, అన్నీ చెరిగి ఖాళీ తెర మీది పూల కిందికి పోయాయి. అది తెలిసి సేటు మొదట చేసిన పని, ఆనవాలు లేకుండా ప్లాస్టర్ పీకేయడం.

తొలి వానల్లోనే, నా సెలవులు ముగియకముందే, తాత చనిపోయాడు. క్యాసెట్టు చూసుకుందామని పక్కింటి వాళ్ళు స్టూడియోకు వచ్చినప్పుడు నేనూ చిన్నమ్మా అక్కడే ఉన్నాం. ఆడమనిషి చేతికి మిషన్ ఇచ్చుడు నాదే తప్పు అన్నాడు సేటు. చెరిపింది తను కాదని చిన్నమ్మ రెండుసార్లు అంది. తర్వాత నా వైపు చూసింది. నేను నేల చూశాను. పెళ్ళికూతురు ఏడుస్తూ అన్న మాట ఇది: "మా తాత మొకం మళ్ళ యాడ జూడాలె అత్తా? నీ చేతుల మన్నువడ."

దారిలో చిన్నమ్మ నన్నేమీ అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో అనుకోవడం నాకు నేను చేసుకున్న సులువు.

మర్నాడు ఆమె నోటుబుక్కులన్నీ సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేసింది. ఆ పుస్తకాలు లేకుండా ఏ క్యాసెట్టులో ఏముందో సేటుకు తెలియదు. పాత గిరాకీలు మా మేనమామ ఉన్న ముక్క కావాలి అని వస్తే గంటల కొద్దీ తిప్పుతూ కూర్చునేవాడు. వారానికే మా గుమ్మం ఎక్కాడు. జర ఆ బుక్కులు ఇయ్యి చెల్లె, పరేషాన్ అయితున్న అన్నాడు. చిన్నమ్మ కూర్చోమంది. పొయ్యి ముందుకు వెళ్ళి, ఒక నోటుబుక్కులోంచి నాలుగు కాగితాలు చింపి, చితుకుల కింద పెట్టి అంటించి, చాయ్ కాచింది. అతను తాగి బాగుందన్నాడు. మళ్ళీ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ చాయ్ పోసింది. మూడోసారికి నేను దీపావళి సెలవులకు వచ్చి ఉన్నాను. అతను వెళ్ళిపోయాక గ్లాసు కడుగుతూ, "ఇయ్యాల చామోర్షి లగ్గం తాగిపోయిండు," అంది. ఆ రోజు నవ్వినట్టు చిన్నమ్మ ఇంకెప్పుడూ నవ్వగా నేను చూడలేదు. మిగిలిన పుస్తకాలన్నీ ఆ చలికాలంలో అట్లాగే పొయ్యిలోకి పోయాయి. నాలుగేళ్ళ పని. ఆమె ఒక్క పేజీకీ బాధపడలేదు.

కానీ ఊళ్ళో మాట మాత్రం మారలేదు. పెళ్ళి క్యాసెట్టు చెరిపిన మనిషి. పక్కింటి పిల్ల పుట్టింటికి వచ్చినప్పుడల్లా గోడ అవతల నుంచి గొంతు వినిపించేది. పలకరింపు ఉండేది కాదు. చిన్నమ్మ కుట్టుమిషను మీద బట్టలు కుట్టి బతికింది. జాకెట్టు కొలతలు మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

చిన్నమ్మ పోయిన పదకొండో రోజు వాకిట్లో మోదుగ విస్తర్లు వేశారు. ఇరుగుపొరుగు ధర్మంగా పక్కింటి పిల్ల కూడా వచ్చి వడ్డనకు కొంగు బిగించింది. సేటు వచ్చాడు. భోజనాలకు కూర్చోబోయే ముందు నలుగురూ వినేట్టు చిన్నమ్మను మెచ్చుకున్నాడు. ఆమె చేతి పని ఆమెదే అన్నాడు. అక్కడితో ఆపితే నేను ఈసారి కూడా ఊరుకునేదాన్ని. "ఒక్క తప్పు చేసింది గని, పోయినామె మీద ఇగ మనకేం కోపం లేదు," అన్నాడు.

నేను అతని ముందుకు వెళ్ళాను. ఆ క్యాసెట్టు చెరిపింది చిన్నమ్మ కాదని చెప్పాను. ఆమె జ్వరంతో ఇంట్లో ఉందని, రికార్డు మీట నొక్కింది సేటని, ప్లాస్టర్ అంటిస్తే నడుస్తుందని చదివి చెప్పింది నేనని, అసలు అని రాసి ఉందన్నా వినలేదని. ఒక్క మాటా పెంచలేదు, తగ్గించలేదు.

"సావింట్ల ఇవేం మాటలు," అన్నాడు సేటు. కానీ అబద్ధమని అనలేదు. అందరూ ఆ మాట కోసమే ఎదురుచూశారు.

పక్కింటి పిల్ల నా దగ్గరికి వచ్చింది. "నువ్వు నీ కండ్లతోని జూసినవా?"

"చూసిన."

"గప్పుడెందుకు చెప్పలే?"

"భయమైంది."

ఆమె కొంగు మళ్ళీ బిగించింది. నన్ను క్షమించిందని అనుకోను. తర్వాత అన్నం గంప ఎత్తుకుంది. వెనక పప్పు పట్టుకుని నడవడం నా వంతు. మొదటి విస్తరి, రెండో విస్తరి. సేటు తన విస్తరి మీద నీళ్ళు చల్లుకుని కూర్చున్నాడు. ఆమె అక్కడ వంగలేదు. తల కూడా తిప్పకుండా తర్వాతి విస్తరి ముందు ఆగింది. అన్నం లేని విస్తరిలో పప్పు వేయరు. నేనూ ముందుకు నడిచాను.

వరస చివరికి వెళ్ళాక వెనక్కి చూశాను. అందరూ తింటున్నారు. ఎవరూ అటు చూడడం లేదు. సేటు లేవలేక, తినలేక కూర్చున్నాడు. ఎండకు విస్తరి మీది నీటి చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.