కెర్నెల్‌ను కాపలా కాసిన ఇంజనీరు

ఆ ఇంజనీరు పిచ్చిపట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడని బలసముద్రంలో అందరూ చెప్తారు. చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆయన పని చూడలేదు. మా ఊరి సోలార్ ప్లాంటు కంట్రోల్ రూంలో ఆయన పక్క కుర్చీ నాది, నేను చూసినాను.

సోలార్ పలకల వరుసను ఆపమని మీట నొక్కితే తెరమీద 'ఆగింది' అని వచ్చేది. నేను ఫోన్లో ఆ మాట చెప్తే, ఆ వరుస దగ్గర రిపేరు పనిలో ఉన్న మా తమ్ముడు కరెంటు పెట్టె తెరిచి చేతులు పెడతాడు. కానీ ఒక్కోసారి ఆ ఆదేశం కంప్యూటర్ లోపల, అన్ని పనులకూ వంతులిచ్చే కెర్నెల్‌లోనే చిక్కుకొని, కరెంటు ఇంకాసేపు పారేది.

కారణం పట్టుకోవాలని ఆయన ట్రేసింగ్ పెట్టినాడు. కెర్నెల్‌లో ఏ పని ఎప్పుడు లేచిందో, దేనికోసం ఆగిందో అంతా నమోదయ్యేది. విచిత్రమేమంటే, ట్రేసింగ్ నడిచినంతసేపు ఆలస్యమే లేదు. తీసేస్తే మళ్లీ వచ్చేది.

దాంతో ఆయన దాన్ని ఆపనే లేదు. భోజనానికి లేచినా తన కుర్చీని తెరవైపు తిప్పి పోయేవాడు. "చూస్తా ఉంటే బుద్ధిగా ఉంటాదక్కా" అనేవాడు.

"మిషన్ నిదానమైపోతా ఉండాదప్పా, తీసెయ్" అన్నాడు మేనేజరు.

"తీసేస్తాను. ఆ పెట్టెలో మీరు చెయ్యి పెడతారా సార్?"

మరుసటి వారం ఆయన్నీ పంపేసినారు, ట్రేసింగూ తీసేసినారు.

కాసేపాగి పెట్టె తెరువమని ఇప్పుడు తమ్ముడికి చెప్తే, "ఎండలో నిలబడి ముహూర్తం చూసుకోమంటావా అక్కా?" అని నవ్వుతాడు. ఎంతసేపు ఆగాలో నాకూ తెలీదు. ఆ ఆలస్యం ఎక్కడ పుడుతుందో ఆయన కనుక్కున్నాక పంపినారా, కనుక్కోకముందేనా?