దొంగ ఎగురుడు

మొన్న మా ఆఫీసు ఆటల పోటీలకని పార్కింగ్ పక్క ఖాళీ జాగాలో వాలీబాల్ కోర్టు గీస్తుంటే, నీళ్లు చల్లిన నేల మీద సున్నప్పొడి పడి లేచిన ఘాటు వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి. చేతిలో కాఫీ చల్లారింది గానీ నేను కదల్లేదు. మనసు మాదాపూర్‌లో మా బడి వెనకాల మేం గుండు అని పిలిచే పెద్ద బండరాయి దగ్గరికి వెళ్లి కూర్చుంది.

తొంభైల చివర నాన్నగారి బదిలీ మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ కిరాయికి దిగాం. చుట్టూ గుట్టలు, గుట్టల నిండా సీతాఫలం చెట్లు, బతుకమ్మ రోజులొస్తే ఎటు చూసినా పచ్చటి తంగేడు పూలు. మధ్యాహ్నమయ్యేసరికి ఎక్కడో బండలు పేలేవి. తరగతి కిటికీలు గడగడలాడితే సోషల్ టీచరు పాఠం ఆపి, దుమ్ము సర్దుకున్నాక మళ్లీ అందుకునేవారు. కొత్తగా లేస్తున్న అద్దాల మేడను చూడడానికి ఆదివారాలు జనం టిఫిన్లు కట్టుకుని మరీ వచ్చేవారు. అదేదో జాతర అన్నట్టు.

మా మైదానం పేరుకే మైదానం. గుండు మొదటి నుంచి నెట్ దాటి గోడ దాకా వాలుగా దిగే ఎర్రమట్టి నేల. ఆట మధ్యలో బంతిని వదిలేస్తే తనంతట తానే దొర్లుకుంటూ గోడ దగ్గరికి పోయేది. నెట్‌కు పైవైపు భాగం పదో తరగతి వాళ్లది, కిందివైపు చిన్నవాళ్లది. ఎవరు పెట్టారో తెలియని ఆ రివాజును పదో తరగతికి వచ్చాక మేమూ దర్జాగా పాటించాం. డ్రిల్ సారు వక్కపొడి నములుతూ, గుండు మీద చింతగింజలు పరిచి, ఎవరు ఎటు కదలాలో చూపించేవారు.

అలా నేర్పినవాటిలో మేం ప్రాణం పెట్టింది దొంగ ఎగురుడు. బంతి లేపేదాన్ని నేను. జడ వెనక్కి విసిరానంటే అదే సైగ. రాధ నెట్ ముందు చెయ్యెత్తి ఉత్తుత్తిగా ఎగిరేది, దాన్ని ఆపబోయి అవతలివాళ్లూ ఎగిరేవారు. వాళ్లు కిందికి దిగుతుండగా, గుండుకు వీపానించి నిలబడ్డ అనసూయ వాలు వెంట పరుగున వచ్చి, ఆ ఊపుతో ఎగిరి, రాధ తల మీదుగా నేను లేపిన బంతిని కొట్టేది. కార్తీకం చలిలో, అరచేతులు మండుతుంటే, అదే పని మళ్లీ మళ్లీ చేశాం. "ఆ ఎగురుళ్లేంటే, ఎండకి నల్లగా అయిపోతున్నావు" అని అమ్మ రోజూ సణిగేది.

అనసూయ పాలమూరు వైపు నుంచి బండలు కొట్టే పనికి వచ్చినవాళ్ల బిడ్డ. బతుకమ్మ అయ్యాక గుడ్డలో రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ముద్దలు కట్టుకొచ్చి, మొదటిది నా చేతిలోనే పెట్టేది. జిల్లా సెలక్షన్లలో నెగ్గితే దానికి ఆటల హాస్టల్లో సీటు, తిండి, చదువు. నెగ్గకపోతే ఏమిటో వాళ్లమ్మ మా ముందే తేల్చేసింది. "తీసుకుంటే సదువుకో. లేకుంటే ఇగ నాతోని తట్ట మొయ్యి."

సెలక్షన్లు పట్నంలో పెద్ద గ్రౌండులో పెట్టారు. రోలర్ తొక్కిన నేల, తెల్లటి సున్నపు గీతలు. అనసూయ వెనక్కి తిరిగి, వీపానించడానికి ఏమీ లేక, కాసేపు తికమకపడింది. నేను జడ విసిరాను. రాధ ఎగిరింది. అవతలి పిల్లలందరూ ఎగిరారు. ఎంత బాగా మోసపోయారో! నెట్ మీద అడ్డమే లేదు, బంతి ఎప్పుడూ ఉండే చోటే ఉంది. అనసూయ పరుగున వచ్చి ఎగిరితే దాని చెయ్యి బెత్తెడు కిందే ఆగిపోయింది. బంతి వేళ్ల కొసలు తాకి నెట్‌లో పడింది. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. తక్కువగా లేపుదామంటే అలవాటు పడ్డ నా చేతులు మాట వినలేదు.

"ఈడ పల్లం లేదే, సుధా" అంది అనసూయ, మెల్లగా.

చదివిన పేర్లలో దాని పేరు రాలేదు. తిరుగు బస్సులో డ్రిల్ సారు వక్కపొడి డబ్బా తియ్యనే లేదు. "మీ తప్పేం లేదు బిడ్డా. ఒక్కనాడన్న మిమ్మల్ని కింది దిక్కు ఆడిపియ్యకపోతి" అన్నారు. అనసూయ కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది.

ఆ వేసవిలో పరీక్షల ఫలితాలు చూసుకుందామని బడికి వెళ్తే, గుండు సగం లేదు. పేల్చిన ముక్కలను తట్టకెత్తి లారీకి మోస్తున్నవాళ్లలో అనసూయ కనిపించింది. తలగుడ్డ చుట్టుకుని, ముఖమంతా తెల్లటి దుమ్ముతో.

"మన గుండే" అంది. తర్వాత, "జర పక్కకు జరుగు, కాలు మీద పడ్తది" అని చెక్క మీదుగా లారీ ఎక్కింది. మళ్లీ దాన్ని నేను చూడలేదు. పని అయిపోగానే వాళ్లు కోకాపేట వైపు పోయారని ఎవరో చెప్పారు.

ఇప్పుడు సీతాఫలాలు బండి మీద కొనుక్కుంటున్నాం. తంగేడు పూలూ అంతే. మా బడి ఎక్కడుండేదో చూపించమంటే చూపించలేను, గుర్తు పట్టడానికి ఒక్క రాయి కూడా మిగల్లేదు. ఏ మేడ కిందో ఉండి ఉంటుంది. మొన్న ఆఫీసు కోర్టు గీతలు గీసినతను డబ్బా పక్కన పెట్టి, "చూడండి మేడం, నేలెంత సాఫ్‌గ ఉందో" అన్నాడు. బాగుందన్నాను. ఏడుపొచ్చింది. కోర్టు మధ్యలో ఎవరో వదిలేసిన బంతి, వదిలిన చోటే ఉంది.