గుర్రానికి తెలిసిన ‘చాలు’

పగ్గం నా చేతిలో, కళ్ళెం మా బావ చేతిలో. మధ్యలో గుర్రం నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. బావంటే మా ఆయన అన్న. ఆయన ముందుకి లాగుతున్నాడు, నేను వెనక్కి లాగుతున్నాను. తాడు ఒరుసుకుని అరచేయి మండిపోతోంది. అయినా వదల్లేదు.

“నీ పెళ్ళానికి సెప్పురా, తాడు ఒగ్గీమను,” అన్నాడు బావ. నన్ను చూసి కాదు, మా ఆయన్ని చూసి.

“మీ అన్నకి సెప్పు, దాని ఎడం కాలు బాగోనేదు,” అన్నాను నేను. నేనూ మా ఆయన్ని చూసే అన్నాను.

రెండు బారల దూరంలో ఎదురెదురుగా నిలబడి ఇలా మూడో మనిషితో దెబ్బలాడుకోవడం చూసేవాళ్ళకి పిచ్చిగానే ఉంటుంది. ఇక్కడ పాతకాలపు బెంగాలీ ఇళ్ళల్లో కోడలు భర్త అన్నతో నేరుగా మాట్లాడదట. మా అత్త ఈ కలకత్తా పక్క బడ్జ్ బడ్జ్‌లోనే, జూట్ మిల్లు కూలీల లైన్ ఇళ్ళలో పుట్టి పెరిగింది. మాట శ్రీకాకుళానిది, పద్ధతులు సగం ఇక్కడివి. నన్ను ఊరి నుంచి తెచ్చుకున్న మొదటి రోజే బావ ముందు నోరెత్తకూడదని చెప్పేసింది. మా ఊళ్ళో బావలతో వేళాకోళాలాడుతూ పెరిగినదాన్ని నేను. ఇక్కడ మూడేళ్ళుగా ఆ మనిషికి అన్నం వడ్డిస్తూ, “మీ అన్నకి పప్పు కావాలేమో అడుగు” అంటున్నాను. ఆయన నా ముందే పీట మీద కూర్చుని ఉంటాడు. చెవులు శుభ్రంగా పనిచేస్తాయి.

ఆ రోజు మా ఆయన మా ఇద్దరి మధ్యా నిలబడి, “ఉండండెహె, ఉండండి,” అంటున్నాడు. అంతకు మించి ఒక్క మాట రాలేదు. నిజం చెప్పాలంటే బావ మీదకన్నా ఆయన మీదే నాకెక్కువ ఒళ్ళు మండింది.

గొడవంతా వాకిట్లో నిలబెట్టిన టోటో గురించి. ఆకుపచ్చ రంగు బ్యాటరీ రిక్షా, కొంచెం పాతది. కలకత్తా మైదాన్ దగ్గర షోకు గుర్రబ్బండ్లు తిప్పే ఒకతను దాన్ని తోలుకొచ్చాడు. చలికాలం వచ్చిందంటే వాళ్ళకి పెళ్ళిళ్ళూ ఊరేగింపులూ, గుర్రాలు చాలవు. మా ఆడగుర్రాన్ని తీసుకుని టోటో ఇచ్చేస్తానన్నాడు. బావ పనిచేసే మిల్లు తెరిచి ఉన్న రోజులకన్నా మూసి ఉన్న రోజులే ఎక్కువ. టోటో వస్తే స్టేషను దగ్గర తిప్పుకోవచ్చని ఆయన ఆశ. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా, గుర్రానికి ఒంట్లో బాగోలేదని తెలిసి కూడా దాచిపెట్టి ఇచ్చేయడం.

రెండు రోజుల నుంచి దాని ముందు కాలు, ఎడమది, గిట్ట దగ్గర వేడిగా ఉంది. ఆ కాలు నేల మీద ఆనినప్పుడల్లా తల పైకెత్తుతోంది. మా నాన్న ఎద్దులకి ఎన్నోసార్లు చూశాను ఇలాంటిది. లోపల చీము పట్టి ఉంటుంది. దాన్ని అలాగే తారురోడ్డు మీద మైదాన్ దాకా నడిపిస్తే ఇంక ఆ కాలు కాలు కాదు. పనికిరాని గుర్రాన్ని అక్కడెవరు మేపుతారు? ఆ మైదాన్ గడ్డిలో వదిలేస్తారు. అలా పక్కటెముకలు తేలి తిరిగేవాటిని నా కళ్ళతో చూశాను.

“కీ హోలో దాదా? బౌదీ ఏమంటోంది?” అని అడిగాడు బండి అతను, ఏమైందన్నా, వదిన ఏమంటోందని.

“ఏం లేదు, మా వాడి భార్యకి గుర్రమంటే ప్రాణం, అందుకే ఏడుస్తోంది,” అని బెంగాలీలో చెప్పాడు బావ.

ఏడుస్తున్నానట! నా కంట్లో చుక్క నీరు లేదు. నాకు బెంగాలీ సరిగా రాదు గానీ అర్థం కానంత మొద్దుని కాదు. తాడు బిగించి పట్టుకుని, “పా ఖారాప్ దాదా! పా ఖారాప్!” అని అరిచాను. కాలు బాగోలేదని.

బావ ముఖం నల్లబడిపోయింది. గుమ్మంలోంచి మా అత్త, “చాలు, ఇంక చాలు!” అని కేక పెట్టింది.

అది నోరు మూసుకోమనడమూ అవును, నా పేరూ అవును. ఈ ఇంట్లో నా పేరే చాలు.

ఆ పేరు వచ్చిన కథ చెప్పాలి. పెళ్ళయి వచ్చిన తొలి చలికాలం. ఏటిగట్టు పక్కన మాకు కొంచెం ఆకుకూరల మడులున్నాయి. పాలకూర, ఎర్ర తోటకూర, ముల్లంగి. గుర్రాన్ని తెచ్చింది మా మావగారు. షోకు బండికి వయసు మీరిందని ఎవరో వదిలించుకుంటుంటే ఆయన తోలుకొచ్చి, చిన్న రెండు చక్రాల బండికి అలవాటు చేశాడు. మడులకి పేడ తోలడానికీ, హాట్‌కి, అంటే సంతకి, కూర తీసుకెళ్ళడానికీ అదే. ఆ రోజు మా అత్త బండి వెనకంచు మీద కూర్చుని తట్టతో పేడ కిందికి దించుతోంది. నేను గుర్రం ముందు నిలబడ్డాను. మడికి సరిపోయిందనిపించి, “చాలత్తా, చాలు చాలు!” అన్నాను.

గుర్రం పుట్టి బుద్ధెరిగి విన్నది నడవమనే “చల్ చల్” మాటే. ఇంక ఆగుతుందా? బండితో సహా అప్పుడే మొలకెత్తిన పాలకూర మడిలోకి దూసుకుపోయింది. మా అత్త పేడకుప్పలో కూలబడింది. నేను కంగారులో ఆపమని ఇంకా గట్టిగా “చాలు! చాలు!” అని అరుస్తూ వెనక పరిగెత్తాను. నేను అరిచేకొద్దీ అది ఇంకా వేగంగా పోయింది. రెండు మడులు తొక్కేసి, ముల్లంగి మడి దగ్గర గడ్డి కనబడితే అదే ఆగింది.

మావగారు కడుపు పట్టుకుని నవ్వాడు. పక్కింటి బెంగాలీ పిన్నమ్మలు నవ్వారు. వాళ్ళ భాషలో చాలు అంటే గడుసుదని కూడా అర్థమట. “చాలు బౌ, చాలు బౌ” అని, అంటే గడుసు కోడలా అని, పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత తెలిసింది, ఈ పేరుతో నా నోరు కుట్టేశారని. పాలకూరకి పురుగు పట్టిందని నేనంటే, “చాలు” అంటారు. గడ్డి తడిసింది, గుర్రానికి వెయ్యొద్దంటే, మళ్ళీ “చాలు”. “ఓలే, గుర్రానికి ఆగమనడం కూడా రాని గుంటవి, నువ్వా మాకు సెప్పేది?” అని మా అత్త. కసవు ఊడ్చేది నేను, గడ్డి కోసేది నేను, పేడ మోసేది నేను, ఒళ్ళు తోమేది నేను. గుర్రం గురించి మాట్లాడే హక్కు మాత్రం అందరికీ ఉంది, నాకు తప్ప. ఒక్క మావగారే, “కోడలా, దీనికేటైనాదో సూడమ్మా,” అని నన్ను పిలిచేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది.

కానీ వాళ్ళెవరికీ తెలియనిది ఒకటుంది. ఆ పేరు పడినప్పటి నుంచి నేను పంతం పట్టాను. గడ్డి పెట్టేటప్పుడు, నీళ్ళకి తీసుకెళ్ళేటప్పుడు, ఎవరూ లేకుండా చూసి దానికి ఆ మాట మళ్ళీ నేర్పాను. చాలు అనడం, మెడ మీద అరచెయ్యి ఆనించడం. ఆగితే ఒక ముల్లంగి ముక్క. ఒక చలికాలమంతా పట్టింది. ప్రపంచంలో ఎవరు చల్ అన్నా అది నడుస్తుంది. నేను చాలు అంటే ఆగుతుంది. నా గొంతు దానికి తెలుసు.

ఆ రోజు వాకిట్లో బండి అతనికి విసుగొచ్చింది. బావ చేతిలోంచి కళ్ళెం తీసుకుని, “చల్, చల్,” అన్నాడు. గుర్రం కదిలింది. మా ఆయన నా చేతిలోంచి పగ్గం మెల్లగా విడిపించాడు. మా ఆయనే! తల ఎగరేసుకుంటూ, పాపం, అది నాలుగడుగులు వేసింది.

“చాలు,” అన్నాను. అరవలేదు. రోజూ అనేటట్టే అన్నాను.

గుర్రం ఆగిపోయింది.

“చల్!” అన్నాడతను. కళ్ళెం గుంజాడు. అది మెడ చాపింది గానీ కాళ్ళు కదపలేదు. ఇంకోసారి గుంజాడు. చెవులు నా వైపు తిప్పి అలాగే నిలబడింది. మా అత్త నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

బండి అతను నన్నోసారి చూశాడు. ఎంతైనా గుర్రాల మనిషి. కళ్ళెం వదిలేసి, కింద కూర్చుని, నేను చెప్పిన గిట్ట మీద చెయ్యి పెట్టాడు. తర్వాత కుడి కాలి గిట్ట మీద పెట్టాడు. మళ్ళీ ఎడమదాని మీద పెట్టాడు. జేబులోంచి ఫోను తీసి, లాడాలు కొట్టే ఒక ముసలాయన్ని పిలిచాడు.

మధ్యాహ్నం పక్క మిల్లు సైరను మోగే వేళకి ఆ ముసలాయన సైకిలు మీద వచ్చాడు. గుర్రం ఎవరికీ కాలివ్వలేదు. నేను వెళ్ళి “చాలమ్మా” అంటూ మడిచి నా ఒళ్ళో పెట్టుకుంటే ఇచ్చింది. ఆయన లాడం ఊడదీసి, వంకర కత్తితో గిట్ట అడుగున కొంచెం చెక్కాడో లేదో, నల్లటి చీము నా చీర మీద చిమ్మింది. కంపు! కానీ గుర్రం పెద్ద ఊపిరి వదిలింది. నాకు ఆ ఊపిరి మెడ మీద తగిలింది.

“పదిహేను రోజులు బండి కట్టొద్దు. ఉప్పేసిన గోరువెచ్చటి నీళ్ళలో కాలు ముంచండి,” అన్నాడాయన. “ఈ రోజు రోడ్డెక్కించి ఉంటే అంతే సంగతులు.”

బండి అతను ఈ బేరం వద్దని టోటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఎవరైనా నన్ను మెచ్చుకుంటారని అనుకున్నాననుకుంటారేమో, లేదు. కానీ ఇంత అన్యాయం కూడా అనుకోలేదు. బావ అరుగు మీద కూలబడ్డాడు. మా అత్త, “మంచి పని సేసినావు. నోటికాడి కూడు తన్నీసినావు,” అని లోపలికి పోయింది. మా ఆయన నా పక్కకి వచ్చాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను.

“నువ్వు నోర్మూసుకుంటే సరిపోయేదే,” అన్నాడు.

“మూసుకుంటే అది సచ్చేది.”

“సస్తే ఆడికాడ సచ్చేది గదే!”

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవుల్లోంచి వేడి వస్తుంది. పొద్దుట్నుంచి అందరూ గుర్రాన్ని లాగారు గానీ, అందరి మనసులో ఉన్న అసలు మాట అన్నది ఈయనే, ఇంత మెత్తగా.

మర్నాడు పొద్దున్న హాట్ ఉంది. కోసిన పాలకూర ఆగదు. గుర్రం ఒక కాలు ఉప్పు నీళ్ళ బకెట్లో పెట్టి నిలబడి ఉంది. టోటో లేదు, బండి కట్టడానికి లేదు. రెండు బుట్టలు నింపాను, రెంటి మీదా తడి గోనె కప్పాను. ఒకటి నా కోసం ఉంచి, రెండోది ఎత్తుకెళ్ళి అరుగు మీద టీ తాగుతున్న బావ కాళ్ళ ముందు దింపాను.

మా ఆయన వైపు చూడలేదు. బావ ముఖంలోకి చూశాను.

“బావా, లెగు. ఇది నీ బుట్ట.”

ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మా అత్త లోపల్నుంచి ఉరికొచ్చి, “ఓలమ్మ! ఏటే ఇది? చాలు, చాలు!” అంది.

“ఇంకా చాల్లేదత్తా,” అని, నా బుట్ట నెత్తికెత్తుకుని హాట్ దారి పట్టాను.