చుక్కల మందు వేసిన రోజు

చీకటి పడితే నాకు సరిగా కనిపించదు. ఇది ఒకరికి చెప్పుకోవాల్సిన సంగతని చాలా ఏళ్ల వరకు నాకు తోచనే లేదు. మా ఇంట్లో, కన్నతల్లి అవ్వ తప్ప, అందరం అంతే మరి. పొద్దు గూకితే బాపు గోడ పట్టుకుని నడిచేవాడు, నేను అవ్వ కొంగు పట్టుకునేదాన్ని, తమ్ముడు నా జడ పట్టుకునేవాడు. బాపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆ బాయి చీకటే ఆయన కళ్లను తినేసిందని భూపాలపల్లిలో మా వాడంతా అనేవాళ్లు. మరి నేను ఏ బాయిలోకి దిగానని నాకు కనిపించదో ఒక్కరూ అడగలేదు. అదే వాడలో పెరిగిన నేనూ అడగలేదు, కళ్ల చదువు చదివాక కూడా.

కళ్లు పనికిరావని బాపును కొలువు నుంచి దింపారు. అలా దింపితే కొడుక్కి ఇస్తారు కాబట్టి ఆ కొలువు తమ్ముడికి వచ్చింది. కంటి పరీక్షలో వాడు పగటి వెలుతురులో బోర్డు మీది అక్షరాలన్నీ గడగడ చదివేశాడు. ఆ రోజు ఇంట్లో సేమియా పాయసం చేసుకున్నాం. తర్వాత కొన్నేళ్లకు బాపు పోయాడు.

నేను ఆప్టోమెట్రిస్టుని. దంతాలపల్లిలో ఒక కంటి పరీక్ష కేంద్రంలో చూపు పరీక్షించి అద్దాలు రాస్తాను. షుగరు ముదిరి కంటి వెనక పొర, అదే రెటీనా, దెబ్బతిన్నవాళ్లు మా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. ఎవరిని వెంటనే పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలి, ఎవరిని మేమే చూసుకుంటూ ఉండొచ్చు అన్నది నేర్పడానికి జనగామలో మాకు పై శిక్షణ పెట్టారు. అక్కడొక పద్ధతి ఉంది. రోగిని ముట్టుకునే ముందు ఒకరి కళ్లు ఒకరం చూసుకోవాలి. కంటిపాప పెద్దది కావడానికి చుక్కల మందు వేసి, పడుకోబెట్టి, తలకు లైటు కట్టుకుని, చేతిలో లెన్సు పట్టుకుని లోపలి అంచుల దాకా చూడాలి. ఆ లైటు కట్టుకున్నప్పుడల్లా బాయికి బయలుదేరే బాపు గుర్తుకొచ్చేవాడు.

నాకు జోడీగా రఘునాథపల్లి నుంచి వచ్చిన అక్క పడింది. నిద్రలో కూడా మాట్లాడే రకం. అలాంటిది నా కంట్లోకి చూస్తూ చూస్తూ ఠక్కున ఆగిపోయింది.

"ఏంది అక్కా, నిధి దొర్కిందా?" అన్నాను.

"జర ఆగు. సార్‌ను పిలుస్త."

మాకు నేర్పే డాక్టరు సార్ వచ్చి చూశాడు. పైకి, కిందికి, పక్కలకు చూడమన్నాడు. తర్వాత, "అందరూ ఒకసారి వచ్చి చూడండి. ఇలాంటిది ఎప్పుడో గాని దొరకదు" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు నా మీదికి వంగారు. వెలుగు కళ్లలో గుచ్చుకుంటోంది. ఎవరి ముఖమూ కనిపించదు, ఊపిర్లు మాత్రం తగులుతున్నాయి. లేచి ఆ లైటు విసిరికొట్టాలనిపించింది. నేను కూడా నేర్చుకోవడానికి వచ్చినదాన్నే కదా, ఏమని లేస్తాను? చెప్పినట్టల్లా కళ్లు తిప్పుతూ పడుకున్నాను.

అందరూ వెళ్లాక సార్ పక్కన కూర్చున్నాడు. రెటీనా అంచుల్లో నల్లమచ్చలు ఉన్నాయని, ముందు రాత్రి చూపు, ఆ తర్వాత పక్కల చూపు తగ్గుతూ వస్తాయని, నడిమి చూపు చాలా ఏళ్లు నిలవొచ్చని చెప్పాడు. పోయిన చూపును తెచ్చే మందు లేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. బాపు సంగతి చెప్పాను.

"బాయి వల్ల కాదమ్మా. ఇది పుట్టుకతో వచ్చేది. తోబుట్టువులు ఉన్నారా?"

నా కళ్ల సంగతే మరిచిపోయాను. ఆ గంటలో తమ్ముడు బాయిలో, భూమి కింద పనిలో ఉన్నాడు.

సార్‌ను అడిగి లైటూ లెన్సూ తీసుకుని, సెలవు పెట్టి భూపాలపల్లి వెళ్లాను. తమ్ముడికి మధ్యాహ్నం షిఫ్టు. నేర్చుకోవడానికి కళ్లు కావాలని చెప్పి మంచం మీద పడుకోబెట్టాను.

"మీ జనగామల కండ్లే లేవా? నాయే దొర్కినయా?"

"నోరు మూసుకొని పండుకో."

చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక చూశాను. లెన్సులో కనిపించినవి అవే నల్లమచ్చలు. కుడి కన్నులో ఉన్నాయి, ఎడమ కన్నులోనూ ఉన్నాయి. మళ్లీ మళ్లీ చూశాను, లేవని అనిపిస్తుందేమోనని.

"ఏమన్న మాట్లాడక్కా. నువ్వు సప్పుడు చెయ్యకుంటే భయమైతది."

"బాపుది నీకొచ్చిందిరా. నాకు గూడ వచ్చింది. బాయి జేసింది కాదు గిది."

వాడు కళ్లు మూసుకున్నాడు. "నాకు ఎరుకే" అన్నాడు.

"ఏం ఎరుక?"

"లైటు వడ్డంత మేరనే కనవడ్తది. పక్కలకు ఏం లేదు. ముంగటోని బుజం మీద చెయ్యేసి నడుస్తున్న. పరాచికాలనుకుంటున్నరు ఆళ్లు."

ఒళ్లు మండిపోయింది. నోటికి వచ్చినట్టు తిట్టాను. ఏడుస్తూనే తిట్టాను. బాయి పైన ఏదైనా పని అడగమన్నాను.

"కండ్లు పోతున్నయంటే పైన గూసోవెడ్తరా, ఇంటికి తోలుతరా? బాపుకైతే నేనుంటి. నాకెవడున్నడక్కా? నా కొడుక్కు ఇంకా లాగు తొడుక్కునుడే రాదు."

కంటి వెనక ఏ మచ్చ కనిపిస్తే ఎవరికి చెప్పాలో జనగామలో నేర్పారు. బాయి వాళ్లకు చెబితే వీడి ఇల్లు గడవదు. చెప్పకపోతే ఏ రోజు పట్టాల మీద వచ్చే ఏ బొగ్గు టబ్బు వీడి మీదికి వస్తుందో. ఆ చిన్న గదిలో లైటు తలకు కట్టుకునే నిలబడిపోయాను.

షిఫ్టు వేళయింది. వాడు లేచి చొక్కా కోసం గోడ తడుముతున్నాడు. ఆ మందుకు దగ్గరివి మాత్రమే మసకేస్తాయి, సాయంత్రానికి అదీ దిగిపోతుంది. అయినా, "రేపు పొద్దుగాల దాక కండ్లు కనవడయి. ఇయ్యాల డ్యూటీకి పోవద్దు" అన్నాను. పచ్చి అబద్ధం.

వాడు నా వైపు తిరిగాడు గాని చూపు నా ముఖం మీద నిలవలేదు. మళ్లీ మంచం మీద కూర్చుని, చొక్కా మడిచి పక్కన పెట్టుకున్నాడు. మెల్లగా అడిగాడు.

"రేపు గూడ ఏస్తవా అక్కా, ఆ సుక్కలు?"