సూదులు వేయించిన బిడ్డ

దగ్గంటే నాకు ఒళ్ళు మంట. భయం తర్వాత, ముందు మంట. బస్సులో వెనక సీటువాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోకుండా దగ్గితే ఇప్పటికీ తిరిగి చూసి నాలుగు మాటలు అనేస్తాను. ఈమెకేమొచ్చిందప్పా అన్నట్టు చూస్తారు. చూడనీ. నాకేమొచ్చిందో నాకు తెలుసు.

ఎనభైల మొదట్లో సంగతి. ఆదోనిలో ప్రైమరీ బడిలో టీచర్‌గా చేస్తున్నాను. మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. మాకు నాలుగేళ్ళ కూతురు. నా పుట్టిల్లు ఎమ్మిగనూరులో, మగ్గాల వీధిలో. నాన్న పోయాక ఆయన మగ్గం నా తమ్ముడు నేస్తున్నాడు. అమ్మ వాడి దగ్గరే ఉండేది. తమ్ముడి పెళ్ళాం హాలహర్వి పక్క పల్లెటూరి పిల్ల. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదేమో, మూడో తరగతితో బడి మానేసింది. నన్ను వదినా అని పిలిచేది, నా ఎదుట మంచం మీద కూర్చునేది కాదు.

ఆ రోజుల్లో కోరింత దగ్గుకూ, కంఠసర్పికీ, ధనుర్వాతానికీ కలిపి పసిపిల్లలకు ఒకే సూది వేసేవారు. నెలకొకటి చొప్పున మూడు, ఏడాదిన్నరకు ఇంకొకటి. సూది వేస్తే జ్వరం వస్తుందనీ, తొడ వాస్తుందనీ తల్లులు భయపడేవాళ్ళు. నర్సమ్మ వీధిలోకి వస్తోందంటే చాలు, తలుపులు మూతపడేవి. నేను ఆమె వెంట వెళ్ళి ఆ తలుపులు బాదేదాన్ని. "సూదులు లేకపోతే రేపు నీ పిల్లోణ్ని బళ్ళో చేర్చుకోను పో" అని బెదిరించేదాన్ని. అలా చేర్చుకోకుండా ఉండే అధికారం నాకు లేదు. అది వాళ్ళకు తెలియదు కదా.

నా కూతురికి మాత్రం అన్ని సూదులూ వేళకు పడ్డాయి. ఆ కార్డు నా సర్టిఫికెట్లతో పాటు ట్రంకుపెట్టెలో దాచాను.

ఆ ఏడు చలికాలంలో పిల్లకు ముక్కు కారడం మొదలైంది. వారానికి పొడి దగ్గు పట్టుకుంది. నేను పట్టించుకోలేదు. పత్తి కాలంలో ఆదోనిలో దగ్గనివాడు ఎవడు? బండ్ల మీద నుంచీ మిల్లుల్లోంచీ దూది లేచి ఆరేసిన బట్టలకు అంటుకునేది, అన్నంలో పడేది. దుమ్ము దగ్గులే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఎమ్మిగనూరు నుంచి కబురు వచ్చింది. తమ్ముడికి కొడుకు పుట్టాడు, ఇరవై ఒకటో రోజు పేరు పెడుతున్నాం, మేనత్తవి నువ్వు రాకుంటే ఎట్లా అని.

మా వైపు బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తే. ఆమె ఉయ్యాల మీదికి వంగి మూడుసార్లు పేరు చెబుతుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమె వీపు మీద దబదబా గుద్దుతారు. కన్నడం వాళ్ళ నుంచి వచ్చిన అలవాటు అంటారు. ఆడబిడ్డ మీద ఉన్న కోపమంతా ఆ ఒక్కరోజు తీర్చుకోవచ్చని ఎగతాళి. నాకు బాగానే పడ్డాయి గుద్దులు. నేను లేవగానే మా పిల్ల "నేను గూడా సెప్తా, నేను గూడా" అని పేచీ పెట్టింది.

అమ్మ అడ్డం వచ్చింది. "పిల్ల దగ్గుతాంది గదే. పసిగుడ్డు దగ్గరికి ఎందుకు?"

"దుమ్ము దగ్గు లేమ్మా. దానికి అన్ని సూదులూ వేయించినా. ఏ రోగమూ దాని దగ్గరికి రాదు."

నా నోటితో నేనే అన్నాను. అమ్మ ఊరుకుంది. చదువుకున్న కూతురి ముందు అమ్మ ఎప్పుడూ ఊరుకునేది. మా పిల్ల ఉయ్యాలలో తల దూర్చి, బిడ్డ చెవికి నోరు ఆనించి పేరు చెప్పింది. ఆడవాళ్ళు ముద్దుగా దాని వీపు మీద కూడా తట్టారు. అది పకపకా నవ్వింది. నవ్వు దగ్గయింది. తల బయటికి తీయకుండానే చాలాసేపు దగ్గింది. మేమంతా నవ్వుతూనే ఉన్నాం.

ఆదోనికి తిరిగి వచ్చిన వారానికి దగ్గు మారిపోయింది. మొదలైతే ఊపిరి తీసుకునే సందు కూడా ఇచ్చేది కాదు. పది, పదిహేనుసార్లు వరసగా దగ్గేది. మొహం కందిపోయి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆఖర్న కూత పెట్టినట్టు గాలిని లోపలికి లాగి, తిన్నదంతా కక్కేసేది. కక్కాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఆటకు పోయేది.

ఆ కూత గోడ అవతలి ముసలమ్మకు వినబడింది. ఆమె కర్ర పొడుచుకుంటూ వచ్చి మా గడపలో కూర్చుంది.

"ఇది కోరింత దగ్గు టీచరమ్మా."

"కాదవ్వా. దీనికి సూదులు వేయించినా. రాదు."

"దగ్గుకేం తెలుసమ్మా, సూదులేసినారని? ఇద్దరు బిడ్డల్ని దీనికే ఇచ్చినా నేను. ఈ కూత నాకు తెల్దా? గాడిద పాలు దొరుకుతాయేమో సూడు."

"గాడిద పాలు నువ్వే తాగు పో" అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషితో అనవలసిన మాటేనా అది? తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం నేను. కానీ ఆమె వెళ్ళాక కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. బియ్యం కడగబోతూ ఆపాను. ఆ గిన్నె అక్కడే వదిలి పిల్లను చంకనేసుకుని డాక్టరు దగ్గరికి నడిచాను. కార్డు కూడా పట్టుకుపోయాను.

డాక్టరు తొందరపడలేదు. పిల్ల దగ్గేదాకా కూర్చోబెట్టి, ఆ కూత చెవులారా విన్నాడు. "కోరింత దగ్గే టీచరమ్మా" అన్నాడు.

నేను కార్డు బల్ల మీద కొట్టినట్టు పెట్టాను.

"కార్డు కాదంటాండానా నేను? సూది గొడుగు లాంటిది. గొడుగు పట్టుకున్నా కాళ్ళు తడుస్తాయి. కొన్నేండ్లకు దాని బలం గూడా తగ్గుతుంది. సూది లేకుంటే ఈ పాప ఈపాటికి మంచం పట్టుండేది. ఇట్ల గంతులేస్తాందంటే సూది పుణ్యమే." మందు రాస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంట్లో పసిబిడ్డలెవరన్నా ఉండారా?"

"లేరు" అన్నాను. అంతలోనే గుర్తొచ్చింది. "మా తమ్ముని కొడుకు. నెల బిడ్డ. పది రోజుల కింద ఇది వాని చెవిలో..."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఆ వయసు బిడ్డలు కూత పెట్టరమ్మా. ఒక్కోసారి దగ్గరు గూడా. ఊపిరి ఆపేస్తారు. బిన్నే పోయి చూడు, ఆలస్యం చెయ్యొద్దు."

పిల్లను ముసలమ్మ దగ్గరే వదిలాను. వేరే దిక్కెవరున్నారు? ఆమె చేతులు చాచి పిల్లను అందుకుంది. ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. ఆ గంట ప్రయాణం ఎలా గడిచిందో దేవుడికే ఎరుక. చెయ్యెత్తిన ప్రతివాడి కోసం డ్రైవరు బస్సు ఆపుతుంటే వాడి జుట్టు పట్టుకోవాలనిపించింది. వెళ్ళగానే ఏం చెప్పాలో కూర్చుకున్నాను. నా బిడ్డకు కోరింత దగ్గు, మీ బిడ్డకూ అంటుకుందేమో, ఆసుపత్రికి పోదాం పదండి. ఇంతే. మూడు ముక్కలు.

గడప దాటాను.

తమ్ముడు మగ్గం గుంటలో ఉన్నాడు. మరదలు చెంబుతో నీళ్ళిచ్చింది. "సెప్పకుండా వచ్చినావే వదినా!"

"బిడ్డ యాడ?"

"పండుకున్నాడు. రెండు దినాలుగా రవ్వంత జలుబు. పాలు సరిగ్గా తాగల్యా."

అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "పాపకు దగ్గు తగ్గిందానే?"

"తగ్గింది" అన్నాను.

ఎందుకలా అన్నానో నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. వీధిలో తలుపులు బాదిన నోరే కదా అది! నిజం ఒప్పుకోవడానికి ఇంకొక్క క్షణం గడువు కావాలనుకున్నానేమో. ఆ అబద్ధం నోట్లో ఉండగానే ఉయ్యాలలోకి తొంగి చూశాను. బిడ్డ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

నేను అరిచానట. నాకు గుర్తులేదు. బిడ్డను ఎత్తి బోర్లా వేసుకుని వీపు మీద తట్టిందీ, నోట్లోంచి తీగలా గళ్ళ సాగిందీ, వాడు కీచుమని ఊపిరి లాగిందీ గుర్తుంది. తమ్ముడు మగ్గం మీద పోగులు అలాగే వదిలేసి కారు మాట్లాడాడు. కర్నూలు పెద్దాసుపత్రికి పోయేలోపు బిడ్డ ఇంకో రెండుసార్లు నీలంగా మారాడు. రెండుసార్లూ తట్టి లేపాం.

అక్కడ డాక్టరు అడిగాడు. "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?"

"ఎవరికీ ల్యాదు సార్" అన్నాడు తమ్ముడు.

"నా కూతురికి ఉంది" అన్నాను. "కోరింత దగ్గే. పేరు పెట్టిన దినం నేనే తెచ్చి అంటించినాను. మధ్యాన్నం తగ్గిందని అబద్ధం చెప్పినాను."

తమ్ముడు నా వైపు ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయాడు. చిన్నప్పుడు నేనే ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బిడ్డ ముక్కుకు గొట్టం పెట్టారు. ఉంటాడో పోతాడో చెప్పలేమన్నారు. ఆసుపత్రి వరండాలో మరదలూ నేనూ నేల మీద కూర్చున్నాం. మూడో రోజు పొద్దున ఇక తట్టుకోలేక, "నన్ను తిట్టమ్మే. కొట్టు. ఏమన్నా అను" అన్నాను.

ఆమె ఏడవలేదు. చీర అంచు నలుపుకుంటూ, నెమ్మదిగా చెప్పింది.

"నాకు ఆ దినమే భయమయింది వదినా. పాప ఉయ్యాలలో దగ్గుతాంటే లాగేద్దామని చెయ్యి సాచినా. నువ్వు సూదులేయించినా అంటివి. టీచరమ్మవు, ఆడబిడ్డవు. నిన్నెట్ల కాదనేది అని చెయ్యి ఎనక్కి తీసుకున్యా. నీదేముంది వదినా? కన్నతల్లిని నేను. తప్పు నాదే."

వెయ్యి తిట్లు తిట్టినా నాకు అంత నొప్పి పుట్టేది కాదు.

బిడ్డ బతికాడు. ఇరవై రోజులకు చిక్కి సగమై ఇంటికి వచ్చాడు. మా పిల్ల దగ్గు ఒక పట్టాన వదల్లేదు. ఇక ఎవరికీ అంటదని ఆదోని డాక్టరు చెప్పిన తర్వాతే, దాన్ని వెంటబెట్టుకుని ఎమ్మిగనూరు వెళ్ళాను. అరుగు ఎక్కుతుండగా పిల్ల రెండుసార్లు దగ్గింది. మరదలు వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఆడ్నే ఉండు వదినా. పాప లోపలికి వద్దు."

"ఇంక అంటదని డాక్టరు చెప్పినాడమ్మే."

"సెప్పినాడేమో. నా బిడ్డకు సూది పడేదాకా వద్దు."

లోపల్నుంచి అమ్మ అరిచింది. "ఆడబిడ్డను వాకిట్లో నిలబెడ్తావా? బుద్ధుందా నీకు?" అయినా మరదలు గడప మీది నుంచి కదల్లేదు.

నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. చెప్పుతో కొట్టినట్టయింది. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోరు మూసుకుని, పిల్లను దగ్గరికి లాక్కుని అరుగు మీద కూలబడ్డాను. లోపల మేనల్లుడు లేచి పాలకోసం ఇల్లెగిరిపోయేలా ఏడుస్తున్నాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి వాడి దగ్గరికి వెళ్ళింది.