ఆపా చెప్పిన మిగతా సగం

ఆపా పోయిందని మధ్యాహ్నం ఫోను వచ్చింది. చేసింది ఆమె అక్క కూతురు.

"ఆంటీ, ఖాలా పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, మంచిగనే మాట్లాడింది. జెర పండుకుంట అన్నది. గంతే."

"ఎప్పుడు తీస్కపోతరమ్మా?" అని అడిగాను.

"సాయంత్రం అసర్ నమాజు అయినంక."

ఫోను పెట్టేసి, ఈనెలు తీస్తున్న చిక్కుడుకాయల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. అన్నీ తీశాను. కూర వండాను. స్టవ్ గట్టు తుడిచాను. తర్వాత చీర మార్చుకొని ఆటో ఎక్కి సీతాఫల్‌మండి వెళ్లాను. ఆటోలోనైనా ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఆమె ఎవరో తెలిసినవాళ్లు బాగా తగ్గిపోయారు. అందుకే మీకు నాలుగు మాటలు చెబుదామని కూర్చున్నాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. మా ఆడపిల్లల బడిలో టీచర్లందరినీ ఆపా అనే పిలిచేవాళ్లం. చదువు ముగిసి, పెళ్లయి, మనవలు పుట్టాక నా వరకు ఆ పిలుపు ఒక్క మనిషికే మిగిలింది. ఆమె మాకు చరిత్ర చెప్పేది. వాళ్లది జనగామ వైపు పల్లె, తండ్రి దర్జీ. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు, ఉర్దూ ఆమె బడికి వెళ్లాక నేర్చుకున్నది. తండ్రి పోయాక తల్లినీ తమ్ముడినీ వెంటబెట్టుకొని వచ్చి సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. అక్కకు అప్పటికే పెళ్లయింది. ఆపా చేసుకోలేదు.

బడికి రాగానే బురఖా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టేది. ఇక ఆ కుర్చీ బురఖాదే. ఆమె మాత్రం క్లాసులో ఎప్పుడూ కూర్చునేది కాదు. చాక్‌పీసు అంటిన వేళ్లతో ముక్కు రుద్దుకునేది, సాయంత్రానికి ముక్కు మీద తెల్లటి మచ్చ పడేది. మేం నవ్వేవాళ్లం, ఎవరమూ చెప్పేవాళ్లం కాదు. రాజుల గురించి చెబితే మేనమామల గురించి చెప్పినట్టుండేది. ఫలానావాడికి కోపమెక్కువ, ఫలానావాడు తల్లి మాట వినడు, అలా.

నేను చెప్పదలచిన పాఠం నలభై ఎనిమిదిలో, వానలు మొదలైన రోజుల్లోది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది. మాకు రాలేదు. మా సికింద్రాబాదులో ఏళ్ల తరబడి ఇంగ్లీషు పటాలాలు ఉండేవి. ఆ తర్వాత ఊరు తిరిగి నిజాం చేతికి వచ్చింది. నిజాం తన సంస్థానాన్ని ఇండియాలో కలపనన్నాడు. స్టేషనులో దిగినవాళ్లు ఏవేవో కబుర్లు తెచ్చేవారు. మా నాన్న రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆ కబుర్లు ఇంటికి వచ్చి, తలుపు వేసి మరీ చెప్పేవాడు.

పుస్తకంలో ఆ పాఠం అమెరికా వలసలది. ఇంగ్లండు రాజు కింద ఉన్న ఆ వలసలు ఎందుకు విడిపోయాయి? పుస్తకం పన్నులనీ, తేయాకు పెట్టెలనీ, యుద్ధాలనీ వరుసగా రాసింది. ఆపా పుస్తకం మూసి కిటికీలో పెట్టింది.

"మొదలు అమెరికా పోయినోళ్లకు ఇంగ్లండు యాదికుంటది," అంది. "ఆడ మా ఇల్లున్నది, ఆడ మా అమ్మున్నది అనుకుంటరు. వాళ్ల పిల్లలకు గదొక ముచ్చట. మనుమలొచ్చేసరికి ఏమైతది? చెట్లు కొట్టింది ఈడ, పంట తీసింది ఈడ, సచ్చిపోతే బొంద పెట్టింది ఈడ. ఇగ రాజంటే వాళ్లకు పన్ను అడగనీకొచ్చే మనిషే. ఆ రాజుకు సుత వీళ్లు మనుషుల లెక్క కనబడరు, పైసలిచ్చే ఆమ్దానీ లెక్క కనబడ్తరు."

"సముద్రం అడ్డముండబట్టి దూరమైన్రా ఆపా?" అని ముందు బెంచీలో పిల్ల అడిగింది.

"సముద్రం మొదటి సంది ఉన్నదే గద. గప్పుడు దూరం కాలే. వీళ్ల సంగతి వీళ్లను అడగకుండ ఆడ కూసొని ఇట్లనే చెయ్యాలె అని తయ్ చేసుడు షురూ చేసిన్రు. దూరం గప్పుడొచ్చింది."

"అడిగి ఉంటే?"

"ఇంకొన్నేండ్లు ఆగుతుండె. ఇంట్ల పిల్లలు పెద్దగైనంక మాట అడగాలె. అడగకుంటే ముందుగాల అలుగుతరు. ఎనుక మాట్లాడుడు బంద్ చేస్తరు. మాట్లాడుడు బందైన నాడే విడిపోయినట్టు. లడాయి తర్వాత వస్తది, పుస్తకంల రాసెతందుకు."

నా పక్కన కూర్చున్న పిల్ల లేచింది. "ఆపా, మరి మనం ఎవరి కాలనీ?"

ఆపా ముక్కు రుద్దుకుంది.

"ఆ జవాబు ఈ పుస్తకంల లేదు బిడ్డా. కని నువ్వు అడిగింది తప్పు గాదు. కూసో."

మా క్లాసులో పెద్ద సర్కారీ అధికారి కూతురు ఒకతె ఉండేది. చెడ్డపిల్ల కాదు. బడిలో ఏం చెప్పారని అడిగితే ఇంట్లో చెప్పింది, అందరు పిల్లల్లాగే. వారం తిరక్కుండా ఆ అధికారి మరో ఇద్దరిని వెంటబెట్టుకొని బడికి వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఆపాను నిలబెట్టి, తప్పు పాఠం చెప్పానని రాసి ఇమ్మన్నారు. ఆమె ఇవ్వలేదు. ఆ రోజే ఉద్యోగంలోంచి ఆపేశారు.

సాయంత్రం బోయిగూడలోని మా ఇంటికి వచ్చి, జరిగింది మా అమ్మకు తనే చెప్పింది. "నేను ఇంగ్లండు రాజు ముచ్చట చెప్పిన. మీకు ఇంకో రాజు యాదికొస్తే నేనేం జెయ్యాలె, అని వాళ్లతోని అన్న."

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అట్లన్నవా? అయ్యో, ఎందుకన్నవమ్మా!"

"ముందుగాల అనుకోలే ఒదినా. నోట్లకెళ్లి వచ్చింది."

ఆనాటి నుంచి మా వరండాలో నాకూ, మరో నలుగురు పిల్లలకూ పాఠాలు చెప్పింది. మా నాయనమ్మ ఆమెకు చాయ్ వేరే కప్పులో పోసేది. ఆపా తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి వెళ్లేది. దాని గురించి ఆమె ఏనాడూ ఏమీ అనలేదు. మేమూ అనలేదు.

ఆమె తమ్ముడు ఆ రోజుల్లో నిజాం పక్షాన ఖాకీ తొడుక్కున్న వలంటీర్ల దళంలో చేరాడు. ఆ దళం పేరు ఇప్పటికీ మా ఇళ్లలో గట్టిగా పలకరు. అంతకుముందు సైకిలు షాపులో పనిచేసేవాడు, సన్నగా ఉండేవాడు. ఒక సాయంత్రం అక్కను తీసుకుపోవడానికి వచ్చి మా గడప అవతలే నిలబడ్డాడు. చేతిలో కర్ర ఉంది. నాయనమ్మ లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

"నువ్వు చేసినదానికి నలుగుర్ల తలెత్తుకునేటట్టు లేదు నాకు," అన్నాడు ఆపాతో.

"పొద్దుగాల సంది ఏమన్న తిన్నవా?" అంది ఆపా.

అమ్మ జొన్నరొట్టె మీద ఇంత వంకాయ కూర పెట్టి తెచ్చిచ్చింది. కర్ర గోడకు ఆనించి, నిలబడే తిన్నాడు. తిన్నాక, "మంచిగున్నది పెద్దమ్మా" అన్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. అతణ్ణి మేం చూడటం అదే ఆఖరు.

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. పోలీసు చర్య అన్నారు దాన్ని. కొన్ని రోజులు బడి లేదు, బజారు లేదు, నాన్నకు ఆఫీసు లేదు. పక్కింటి రేడియో దగ్గర మగవాళ్లు గుమిగూడేవారు. విమానాల మోత వినబడితే అమ్మ మమ్మల్ని మంచాల కిందికి తోసేది. ఉన్నట్టుండి ఒకరోజు అయిపోయిందన్నారు. మిలిటరీ బండ్లు రోడ్డున వస్తుంటే జనం దండలు పట్టుకొని పరుగెత్తారు. నేనూ వెళ్లాను, గొంతు పోయేదాకా జై కొట్టాను. ఎంత సంతోషంగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చేసరికి ఆపా మా వరండాలో కూర్చొని ఉంది. తమ్ముడు సైన్యాన్ని అడ్డుకునే దళంతో సూర్యాపేట రోడ్డు వైపు వెళ్లాడట. వెంట వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు, వాళ్లకూ ఏమీ తెలియదట. నాన్న తనకు తెలిసిన స్టేషను మాస్టర్లందరినీ అడిగించాడు. జైళ్ల దగ్గర కనుక్కున్నాడు. ఎక్కడా ఆ పేరు లేదు. ఆపా రోజూ వచ్చి కూర్చునేది. అమ్మ ఏడ్చేది, ఆమె ఏడ్చేది కాదు.

"ఏడువమ్మా, జెర మనసు తేలికైతది," అంది అమ్మ ఒకనాడు.

"సచ్చిపోయిండని ఎవరన్న చెప్తే ఏడుస్త ఒదినా. ఎవ్వరు చెప్తలేరు."

ఆ రోజు నాయనమ్మ చాయ్ మా ఇంటి గ్లాసులో తెచ్చిచ్చింది. ఆపా గమనించిందో లేదో తెలియదు. చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుంది.

బడి తెరిచారు. పాత సర్కారు తీసేసినవాళ్లను మళ్లీ తీసుకొమ్మని ఆర్డరు వచ్చింది. కొత్త అధికారులు ఆపా సంగతి విని ఎంతో సంబరపడ్డారు. బడి ఆవరణలో సభ పెట్టి, నిజాంను ఎదిరించిన ముస్లిం మహిళ అని ఆమె మెడలో బంతిపూల దండ వేశారు. అదే వారంలో పోలీసులు తమ్ముడి ఆచూకీ కోసం ఆమెను రెండుసార్లు ఠాణాకు పిలిచి, గంటల తరబడి బెంచీ మీద కూర్చోబెట్టారు. సభలో మాట్లాడమంటే లేచి నిలబడి ఇంతే అంది:

"నేను ఎవ్వర్ని ఎదిరియ్యలే. పాఠం చెప్పిన. ఆ పాఠం సగంలనే ఆగింది. మిగిలిన సగం చెప్పాలె, పోతున్న."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆమె దండ తీసి బల్ల మీద పెట్టి క్లాసుకు వచ్చింది. మేం వెనకాలే పరుగెత్తాం.

అప్పటికి ఆ పెద్ద అధికారి ఉద్యోగం పోయింది. ఆయన్ను జైల్లో పెట్టారు. కూతురు బడికి వస్తోంది గానీ ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. వెనక బెంచీలో ఒక్కతే ఉంది. ఆపా బల్లల మధ్యగా నడిచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. క్లాసులో ఆమె కూర్చోగా చూడటం మాకు అదే మొదలు. అక్కణ్ణుంచే చెప్పడం మొదలుపెట్టింది. మేమంతా వెనక్కి తిరిగి విన్నాం.

"అమెరికా గెలిచింది. మంచిగైంది, గెలువాల్సిందే. అయితే ఆడ రాజు దిక్కున్నోళ్లు సుత ఉండె. అందరు చెడ్డోళ్లు గాదు. కొందరు నౌకరీ కోసం, కొందరు భయానికి, కొందరు పిల్లతనంతోని, కొందరు నిజంగనే రాజు మంచోడని నమ్మి. లడాయి అయినంక వాళ్ల ఇండ్లు గుంజుకున్నరు. శానామంది పిల్లలను పట్టుకొని ఉత్తరం దిక్కు చలి దేశం పోయిన్రు. ఎటు పోయిన్రో తెల్వనోళ్లు సుత ఉన్నరు. వాళ్ల ముచ్చట మన పుస్తకంల ఒక్క లైను లేదు. విడిపోవుడు ఎందుకైతదో మొన్న చెప్పిన. విడిపోయినంక ఎవరెవరు ఎటు పోతరో అది సుత చరిత్రనే. రాసుకోండి."

పక్కనున్న పిల్ల డెస్కు మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆపా ఒక చెయ్యి దాని వీపు మీద ఉంచి, రెండో చేత్తో మమ్మల్ని రాసుకొమ్మని సైగ చేసింది. మేం రాసుకున్నాం.

తమ్ముడు రాలేదు. బతికున్నాడనీ ఎవరూ చెప్పలేదు, పోయాడనీ చెప్పలేదు. తల్లి మూడేళ్లు గుమ్మంలో కూర్చొని కన్నుమూసింది. దగ్గరి చుట్టాలు కొందరు కరాచీ వెళుతూ ఆపాను రమ్మన్నారు. ఎందుకు వెళ్లలేదని నా పెళ్లయ్యాక ఒకసారి అడిగాను.

"నన్ను ఎవలల్ల కలుపుతున్నరో నిజాం నన్ను అడగలే, ఎనుకొచ్చిన సర్కారు సుత అడగలే," అంది. "ఉండుడో పోవుడో ఒక్కటన్న నేను తయ్ చెయ్యాలె గద. ఉంట అనుకున్న. ఉన్న."

ఉద్యోగం చేసినంత కాలం ఏటా ఆ పాఠం రెండు సగాలూ చెప్పేదట. పెద్దతనంలో నేను వెళితే, "ఏం వండినవ్?" అని మొదలుపెట్టేది. చాయ్ సాసర్లో పోసుకొని తాగేది. పాత విషయాలు నేను ఎత్తితేనే వచ్చేవి. ఒకసారి మాత్రం, మాటల మధ్యలో ఎందుకో, "వాడు నిలబడే తిన్నడు గద మీ ఇంట్ల," అంది. అవునన్నాను. "కడుపు నిండ తిన్నడా?" అని అడిగింది. తిన్నాడన్నాను. తల ఊపింది.

ఫోను వచ్చిన ఆ రోజు నేను వెళ్లేసరికి స్నానం చేయించి తెల్లబట్ట చుట్టారు. ఎవరో పెద్దావిడ నా బొట్టు చూసి, "మీరేమైతరమ్మా?" అని అడిగింది. "ఆమె దగ్గర చదువుకున్న," అన్నాను. జరిగి చోటిచ్చింది. మొహం చూపించారు. నిద్రపోతున్నట్టు ఉందని అందరూ అంటున్నారు. నాకు అలా అనిపించలేదు. పోయినట్టే ఉంది.

నమాజు తర్వాత మగవాళ్లు భుజాలకెత్తుకున్నారు. ఆడవాళ్లం మేడ మీదికి వెళ్లి చూశాం. సందు చివర రైల్వే గేటు. వాళ్లు పట్టాలు దాటగానే వెనక గేటు పడింది, పొడవాటి గూడ్సు బండి వచ్చింది. పెట్టెకీ పెట్టెకీ మధ్య సందుల్లోంచి పాడె మీది మల్లెపూల చాదరు కాస్త కనబడి, మాయమై, మళ్లీ కనబడింది. ఒక చోట భుజం మార్చుకోవడానికి ఆగినట్టున్నారు. గూడ్సు చాలాసేపు పోయింది. గేటు లేచాక అవతల రోడ్డు మీద వాళ్లు లేరు, ఎండ ఉంది. సైకిళ్లవాళ్లు దిగి, సైకిళ్లు నడిపించుకుంటూ పట్టాలు దాటుతున్నారు.