కూతకొక అల్లుడు

నందిగామ చెడుగుడు జట్టుకు పెద్ద దశరథరామయ్య. కాఫీ హోటలు బల్లమీద చింతగింజలు పేర్చి, "వీడు ముందు, వాడు వెనక" అని జరుపుతూ, ఆరిపోయిన చుట్టను కూడా పీలుస్తూనే ఉంటాడు. ఆ ఏడు ఆయన దిగులంతా కూతకు వెళ్ళే సొలొమోను గురించే. వయసు మీదపడి వాడి కూత మధ్యలోనే తెగుతోంది. జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ అని ఒకడున్నాడు, గుక్క తిప్పుకోకుండా కూత పెడతాడు. కానీ ఏటా పేటతో జరిగే పందెంలో ఆడేవాడు ఊరివాడో, ఊరి అల్లుడో అయ్యుండాలని రెండూళ్ళ కట్టుబాటు. దశరథరామయ్య కూతురు ప్రమీలారాణిని అతనికిచ్చి పెళ్ళి చేసేశాడు. "పిల్లనడిగారా?" అని భార్య రత్తమ్మ అంటే, "వాడి కూత విన్నావటే?" అన్నాడు. కూతురికన్నా కూత ముద్దు ఆ మహానుభావుడికి! సొలొమోనును మాత్రం "ఇక ఇంట్లో కూర్చోరా" అన్నాడు.

పందెం నాడు అల్లుడుగారు తొడ చరిచి పేటవాళ్ళ గీత దాటాడు. మామగారి కళ్ళు అల్లుడి మీదే. ఇంతలో వెనకనుంచి ఒక చెయ్యి మడమ దొరకబుచ్చుకుంది. అల్లుడు బోర్లాపడ్డాడు, కూత తెగింది. పట్టినవాడు సొలొమోను.

"ఒరే, నువ్వు అటెందుకున్నావురా?" అని అరిచాడు దశరథరామయ్య.

సొలొమోను మడమ వదల్లేదు. "మా ఆవిడ దేవమణిది పేటేగా అయ్యగారూ! నేనూ ఊరి అల్లుణ్ణేనండి."